శివారు కాలువ బాబాయి

ఆయన ఆరడుగుల పైన రెండంగుళాల మనిషి. మీసం తిప్పితే కొస చెవిని తాకేది. ఒక చేత్తో ఎద్దుబండిని ఎత్తిపట్టి రెండో చేత్తో ఇరుసుకు కందెన రాసేవాడు.

ఇదంతా అబద్ధం. నాకంటే బెత్తెడు పొట్టి. నేను చూసేనాటికి బండి మాట దేవుడెరుగు, మంచినీళ్ల చెంబు ఎత్తడానికి రెండు చేతులూ కావలసి వచ్చేది. మీసం మాత్రం నిజం. చెవిదాకా లేదు కానీ, ఉంది. నేను ముప్పై ఏళ్లు నరసరావుపేటలో వకీలు గుమాస్తాగా చేసినవాణ్ణి. సాక్షి చెప్పినదానికి నాలుగు ముక్కలు కలిపితే గాని నాకు కాగితం నిండినట్టుండదు. కనుక ముందే చెబుతున్నాను, ఎక్కడ చెయ్యి జారితే అక్కడ నేనే ఒప్పుకుంటాను.

పెద్ద అబద్ధం ఒకటుంది. దాన్ని మొదట్లోనే దించేసుకుంటే మిగతావి తేలిక. ఆయన పోయి ముప్పై అయిదేళ్లు దాటింది. ఇన్నాళ్లూ నేనే చావనివ్వలేదు. మా పేటలో ఎవరికి క్యాన్సరు వచ్చినా, మందు ఎక్కించుకోవడానికి వెళ్లే ముందు నా దగ్గరికి వస్తారు. ఆ రోజుల్లో ఎక్కించుకుని ఇంకా తిరుగుతున్నవాణ్ణి ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే. ఒక్కణ్ణే కాదు, ఇంకా ఒకరిద్దరున్నారట. వాళ్లకి నా అంత నోరు లేదు. వచ్చినవాళ్లకి నా సంగతి చెప్పను, ఆయన సంగతి చెబుతాను. నాకంటే ముదిరిన కేసు, మెతుకు గొంతు దిగని మనిషి, ఇప్పుడు గురజాల అవతల పచ్చిమిరపకాయ నంజుకుని జొన్నన్నం తింటున్నాడు అని. కొన్నేళ్లు పోయాక, పిల్లలే లేని మనిషికి మనవల్ని పుట్టించాను. కంటి ఆపరేషన్ చేయించాను. మొన్న లెక్క చూసుకుంటే తొంభై అయిదు దాటించేశాను.

ఈ మధ్య మా వెనక వీధి అమ్మాయి వచ్చింది. ఇద్దరు పిల్లల తల్లి. వారం తిరిగితే మొదటి మందు. నేను చెప్పిందంతా విని, సెల్లు బయటికి తీసి, "తాతయ్యా, ఆ పెద్దాయన నంబరివ్వండి. ఒక్కసారి ఆయన గొంతు వింటాను" అంది. ఇన్నేళ్లలో ఎవరూ అడగని మాట. ఆయనకి చెవుడు, ఫోను ఎత్తడు అన్నాను. అప్పటికప్పుడు చెవుడు కూడా తెప్పించాను. ఆ అమ్మాయి వెళ్లాక కూర్చుని ఇది రాయడం మొదలుపెట్టాను. అచ్చుకి మాత్రం ఆమె చివరి మందు అయిపోయి, తల మీద జుట్టు మొలకెత్తాకే ఇచ్చాను.

ఎనభైల్లో మాట. ఆ మందు కోసం జనం మద్రాసో హైదరాబాదో పోయేవాళ్లు. మాకు గుంటూరులో ఒక పెద్ద డాక్టరు రాసిస్తే, నరసరావుపేటలో ఒక చిన్న నర్సింగ్‌హోములో ఆయన శిష్యుడు ఎక్కించేవాడు. మేడమీద పొడుగాటి గది, వరసగా ఇనప మంచాలు. సాయంత్రం మొదలుపెడితే తెల్లవారేదాకా అదే పని. ముందు సెలైను సీసాలు, మధ్యలో నల్ల కాగితం చుట్టిన మందు సీసా, మళ్లీ సెలైను. వెలుతురు తగిలితే మందు పాడవుతుందని ఆ కాగితం చుట్టేవాళ్లట. నాకు మాత్రం అది ముసుగేసుకుని బోనెక్కిన దొంగసాక్షిలా కనిపించేది. మూడేసి వారాలకొకసారి రమ్మనేవారు. మేం దాన్ని వాయిదా అనేవాళ్లం.

నా జబ్బు కడుపులో గడ్డ అని ఊరంతా చెప్పాను. గడ్డ నిజమే. కడుపుకి ఇంకాస్త కింద. పంచె కట్టుకునేవాడికి దాచుకోవడం సులువు. ఇప్పటికీ ఆ మాట ఎత్తితే మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోతుంది.

మొదటి రాత్రి నేను పులిలా పడుకున్నానని చెప్పుకుంటూ వచ్చాను. పులీ లేదు, పిల్లీ లేదు. మా ఆవిడ చంటిబిడ్డను నిద్రపుచ్చడానికి ఇంటికి వెళ్లిపోయింది. మందు సీసా తెస్తానని సిస్టరు కిందికి దిగింది. ఆ సందు చూసుకుని మంచం కింద చెప్పులు వెతుక్కున్నాను. చేతికి సూది ఉంది, పైన సెలైను వేలాడుతోంది. సీసా చేత్తో పట్టుకుని మెట్లు దిగి రిక్షా ఎక్కేద్దామని నా ఎత్తు. ఒక చెప్పు దొరికింది. రెండోది కాలితో తడుముతుంటే పక్క మంచం మీంచి బొంగురు గొంతు వినిపించింది.

"ఏంది బాబూ, మడి సగం తడిసినాక పార భుజానేసుకుని పోతన్నావు?"

బాత్రూముకి అన్నాను. అటుపక్క మెట్లున్నయి, బాత్రూము ఇటుపక్క అన్నాడు. ఆయన ఇంకేం అడగలేదు. ధైర్యం చెప్పలేదు, దేవుడి మాట ఎత్తలేదు. కాసేపటికి, "పోయేవాడివి పోదువుగాని, నా సీసా వంక కాస్త చూడు. నాకు చూపానదు. నీళ్లు అడుక్కొచ్చినప్పుడు చెప్పి, అప్పుడు పో" అన్నాడు.

ఆయన సీసా వంక చూస్తూ కూర్చున్నాను. చుక్క తర్వాత చుక్క. అడుక్కి వచ్చేసరికి సిస్టరు పైకి రానే వచ్చింది, నాకు నల్ల కాగితం సీసా తగిలించనే తగిలించింది. తరవాత తెలిసింది, ఆయనకు చూపు భేషుగ్గా ఆనుతుంది. కిటికీలోంచి బస్టాండులో నిలబడ్డ బస్సు మాచర్లదో సత్తెనపల్లిదో బోర్డు చదివి చెప్పేవాడు. ఆ లెక్కన మా ఇద్దరిలో పెద్ద అబద్ధాలకోరు ఎవరన్నది తేలలేదు.

ఆయన ఊరు సాగరు కుడికాలువ కింద ఒక పిల్లకాలువకి చిట్టచివర. శివారు భూములంటారు. పైవాళ్లు పెట్టుకోగా మిగిలిన నీళ్లే ఆయన చేనుకి. అక్కడ నీళ్లకి వంతులుంటాయి. అర్ధరాత్రయినా, వాన పడుతున్నా, వంతు వచ్చినవాడు గట్టు మీద మేలుకుని ఉండాలి. కునుకు తీశాడా, ఏ ఎండ్రకాయ బొరియ దగ్గరో గండి పడి నీళ్లన్నీ వాగు పాలవుతాయి. తన వంతు అయిపోయినవాడు తర్వాతివాడి ఇంటికి పోయి, పార కర్రతో మంచం కోడుని తట్టి లేపిన తర్వాతే తన ఇంటికి పోవాలి. పగలు తలలు పగలగొట్టుకున్నవాళ్లయినా సరే, రాత్రి లేపడం తప్పదు.

ఆ చట్టాన్ని ఆయన మా గదిలోకి తెచ్చాడు. అన్ని మంచాలకీ ఒక్కతే సిస్టరు. తోడు వచ్చినవాళ్లు వరండాలో గురకలు పెట్టేవాళ్లు. సీసా ఖాళీ అయింది చూడకపోతే గొట్టంలోకి రక్తం ఎగదన్నేది. అందుకని ఒకడి సీసా పారుతున్నంతసేపు పక్కవాడు మేలుకోవాలన్నాడు. అలిసిపోతే స్టీలు గ్లాసుతో తర్వాతివాడి మంచం కోడు మీద రెండు దెబ్బలు కొట్టి లేపి, అప్పుడు కళ్లు మూసుకోవాలి. మొదట్లో ఆ చప్పుడుకి సిస్టరు కేకలేసింది. రెండు వాయిదాలు గడిచేసరికి, తాతా ఈ రాత్రి ఎవరి కావలి అని ఆవిడే అడిగేది.

ఆవిడది రెంటచింతల. మెడలో చిన్న సిలువ, నోట్లో పెద్ద గొంతు. ఆయన ఆవిడని లస్కరమ్మా అని పిలిచేవాడు. కాలువ మీద తూములు ఎత్తి దించే సర్కారు మనిషి లస్కరు. శివారు రైతుకి దేవుడికంటే ముందు వాడి దయ కావాలి. సెలైను గొట్టానికుండే చిన్న చక్రాన్ని మేమంతా సిస్టరు చూడకుండా తిప్పేవాళ్లం, త్వరగా అయిపోతే పీడా పోతుందని. ఆయన ఒక్కనాడు ముట్టుకోలేదు. షట్టరు మీద రైతు చెయ్యేస్తే కేసవుద్ది, గుమాస్తావి నీకు తెలవదా అనేవాడు. వాయిదా వాయిదాకీ ఆవిడకి పొట్లంలో పండుమిరపకాయలో, చింతకాయ తొక్కో తెచ్చేవాడు. లంచమిస్తే చుక్కలు ఎక్కువ పడవు తాతా అని ఆవిడ నవ్వేది. ఎక్కువొద్దమ్మా, మధ్యలో ఆగకుంటే చాలు అనేవాడు.

మనుషుల్ని నేలలుగా చూసేవాడు. నన్ను ఎర్రనేల అన్నాడు, పోసిందల్లా తాగి మర్నాటికి ఆరిపోయే రకమట. తనది చవుడునేల అనేవాడు, పోసినది ఇంకదట. తన జబ్బుని తూములో పూడిక అనేవాడు, అన్నం దిగే దారిలో గడ్డ. కడుపులో తిప్పుకొచ్చినప్పుడు, "గట్టు తెగుతోంది, తప్పుకోండి" అని ముందే చెప్పి, బేసిను తీసుకుని గోడవైపు తిరిగేవాడు. అయ్యాక మూతి తుడుచుకుని మాట ఎక్కడ ఆపాడో అక్కణ్ణుంచే ఎత్తుకునేవాడు.

ఆయన ఒక్కసారి కూడా మూలగలేదని, కంటతడి పెట్టలేదని అందరికీ చెబుతాను. ఇక్కడ మళ్లీ ఆగాలి. రెండో వాయిదాకి మా అందరి తలలూ బోసిపోయాయి. ఆయనది ముందునుంచే బట్టతల గనక పోవడానికేం లేదని ధీమాగా ఉన్నాడు. ఆ తెల్లవారుజామున మొహం తుడుచుకుంటుంటే మీసం సగం తుండుగుడ్డలోకి వచ్చేసింది. గుడ్డ వంక చూసి, నా వంక చూసి, "ఒరేయ్ గుమాస్తా, దీని మీద దావా ఏసేదానికి ఉంటదా?" అన్నాడు. గదంతా నవ్వింది. ఆయన అటు తిరిగి పడుకున్నాడు. భుజాలు చాలాసేపు కదిలాయి. ఇన్నాళ్లూ ఆయన కూడా నవ్వుతున్నాడని చెబుతూ వచ్చాను. అది నవ్వు కాదని నాకప్పుడే తెలుసు.

ఆయన భార్య గుమ్మం పక్కన చాప మీద కూర్చునేది. ఆయన్ని బాబాయీ అన్నాక ఆవిడని పిన్నీ అనేవాణ్ణి. మాట తక్కువ. జొన్నజావ పల్చగా కాచి, దాన్ని పాతచీర ముక్కలో వడగట్టి, చెంచాతో పోసేది. ఆయన తాగుతున్నంతసేపు ఆవిడ గొంతు కూడా కదిలేది. మొదటి వాయిదాకి గ్లాసుడు దిగింది. తర్వాత సగం. తర్వాత చెంచాలే. ఆయన నలుగురిలో కథలు చెబుతుంటే, "ఏంది నీ సోది, పడుకో" అనేది. "ఏమే, ఈళ్లని నిద్రపోనీకుండా చెయ్యమనే గదా లస్కరమ్మ నాకు ఉద్యోగమిచ్చింది" అనేవాడు.

నాలుగో వాయిదా నాకు ఆఖరిది. గడ్డ కరిగిపోయిందని, ఇదొక్కటీ అయితే ఇక రానక్కర్లేదని డాక్టరు చెప్పాడు. ఆయనకి ఇంకా రెండున్నాయి. ఆ పూట పిన్ని చెంచా నోటికందిస్తే, జావ పెదాల చివరనుంచి మెడమీదికి కారిపోయింది. ఆవిడ తుడిచి మళ్లీ అందించింది. మళ్లీ కారింది. గిన్నె కడుక్కొస్తానని లేచి వెళ్లింది.

ఆ రాత్రి సిస్టరు నల్ల కాగితం సీసా తెచ్చి ఆయన కొక్కేనికి తగిలించబోతే, ఆయన చెయ్యి దుప్పటి కిందికి లాక్కున్నాడు.

"లస్కరమ్మా, ఇయ్యాల నా వంతు ఈడికి పెట్టు" అని నన్ను చూపించాడు.

సిస్టరుకి అర్థం కాలేదు. నాకు వెంటనే అర్థమైంది. వాళ్ల ఊళ్లో అది ఉన్నదే. చేను ఎండిపోయి ఇక లేవదని తెలిస్తే, తన వంతు నీళ్లు పక్క చేనువాడికి ఇచ్చుకుంటారు. పచ్చగా ఉన్నది ఒకటన్నా పండుతుందని. అందులో దానం లేదు, గొప్ప లేదు. నీళ్లు వృథా పోనివ్వకపోవడం, అంతే.

ఎవరి మందు వాళ్లదే తాతా, ఎవరి జబ్బుకి తగ్గట్టు వాళ్లకి కలుపుతారు, ఒకరిది ఒకరికి ఎక్కించకూడదు అని సిస్టరు నెమ్మదిగా చెప్పింది. ఆయన వినలేదు. ఆయన గొంతు పెంచడం నేను చూసింది అప్పుడే. గొంతంటే ఎంత, గాలి ఎక్కువ, మాట తక్కువ.

"వంతు నాది. నేనెవరికిచ్చుకుంటే మీకేంది? ఈడి చేను ఎదిగే చేను. ఇంకో తడి పడితే గట్టిపడిద్ది. నాది నీళ్లు తాగట్లేదు తల్లీ. పైనే నిలబడతన్నయి."

గుమ్మం దగ్గర చప్పుడైంది. పిన్ని గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి వింటోందో తెలియదు. ఆయన బతుకు మీద ఆశ వదులుకున్నాడని ఆవిడకి తెలిసింది ఆ గుమ్మంలోనే. గిన్నె కింద పెట్టి, వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. ఆయన మంచం మీద ఆవిడ కూర్చోవడం అంతకుముందెన్నడూ చూడలేదు.

"నన్నడక్కుండా ఏ వంతన్నా ఎవరికన్నా ఇచ్చావా ఇన్నేళ్లలో?" అంది.

ఆయన చెయ్యి దుప్పటి కిందనుంచి తియ్యలేదు.

"ఎండకాలం నీళ్లు మీ తమ్ముడికిచ్చినప్పుడు అడిగావు. మిరప తోటకొచ్చినయి ఇచ్చినప్పుడు అడిగావు. నా చెయ్యి పడని చేనుందా నీకు? ఇదొక్కటీ నీ సొంతమా?"

"ఎండిందే" అన్నాడు ఆయన, చాలా మెల్లగా.

"ఎండిందో లేదో నేను చెప్తా. నువ్వు చెయ్యియ్యి."

దుప్పటి కిందినుంచి చెయ్యి తనే బయటికి తీసి, ముంజేయి పైకి తిప్పి, సిస్టరు ముందు పెట్టి పట్టుకుంది. సూది గుచ్చేటప్పుడు ఆయన ఆవిడ మొహం వంకే చూస్తున్నాడు. చుక్కలు మొదలయ్యాక నావైపు తల తిప్పి, "చూశావా గుమాస్తా, స్టే తెచ్చింది" అన్నాడు.

ఆ రాత్రి కావలి పిన్ని కాసింది. మమ్మల్నెవర్నీ కాయనివ్వలేదు.

తెల్లవారాక ఆయన్ని భుజాన వేసుకుని బస్టాండుదాకా మోసుకెళ్లానని నా కథల్లో ఉంటుంది. మోసింది రిక్షావాడు. నేను పట్టుకున్నది జావ ఫ్లాస్కు. అది కూడా దారిలో ఒకసారి దించి ఆయాసం తీర్చుకున్నాను. గురజాల బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాక, ఆయన నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు, సూది మచ్చల్ని. ఇంక ఇటు రామాక అన్నాడు.

ఆయన తర్వాతి వాయిదా రోజున నేను వెళ్లాను, చూడటానికి. మంచం ఖాళీగా ఉంది. సిస్టరు నావంక చూసింది, నేను ఆవిడ వంక చూశాను. చూసొస్తానని ఆవిడతో చెప్పి, మర్నాడు పొద్దున్నే గురజాల బస్సెక్కాను. అక్కణ్ణుంచి నడక.

ఇంటికి తాళం. పక్కింటివాళ్లు పొలం వైపు చెయ్యి చూపించారు. అప్పుడే చెప్పారు, వారమైందని. పెద్దకర్మ ఇంకా కాలేదు.

పిన్ని చేలో ఉంది. చీర మోకాళ్లదాకా ఎగగట్టి, పార పట్టుకుని మడి కట్టు సరిచేస్తోంది. పిల్లకాలువలో నీళ్లు సన్నగా, బురదగా వస్తున్నాయి. నన్ను చూసి పని ఆపలేదు. "ఉండు బాబూ, ఈ మడి తడవనీ. నీళ్లకి మైల తెలవదు గదా" అంది. గట్టు మీద నిలబడ్డాను. సాయం చెయ్యాలని పంచె ఎగగట్టి దిగాను కూడా. దిగినవాణ్ణి బురదలో కూరుకుపోతే ఆవిడే చెయ్యిచ్చి లాగింది.

మడి తడిశాక వచ్చి గట్టు మీద కూర్చుంది. నీకు తగ్గిందా అని అడిగింది. తగ్గింది పిన్నీ అన్నాను. తగ్గినందుకు సిగ్గేసింది.

తనే చెప్పింది. "పోయే ముందు రోజు పైన కాలవకి వదిలారన్నారు. నోరు పిడచ కట్టుకుపోయింది, చుక్క దిగట్లా. తడిగుడ్డ పెదాలకి అద్దుతుంటే, మనదాకా వచ్చినయ్యా అన్నాడు. వచ్చినయి, చేను నిండా నిలబడ్డయి అన్నా."

"అప్పటికి వచ్చినయ్యా?"

"ఎక్కడ బాబూ. ఇయ్యాల తెల్లారి వచ్చినయి."

నేను లేచేటప్పుడు ఆవిడ బురద చేత్తోనే నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆ మేడమీద ఆయన పోయాడని చెప్పమాక. ఆ మంచాల మీదోళ్లు ఇంటే లేచిపోతారు. అసలే చానా బెదురుగా ఉంటారు."

సరేనన్నాను.

వారం తిరక్కుండా నర్సింగ్‌హోముకి వెళ్లాను. ఆయన మంచం మీద సత్తెనపల్లి నుంచి వచ్చిన మెకానిక్కు, సాయిబుగారి పిల్లవాడు, కూర్చుని ఉన్నాడు. పడుకోమంటే పడుకోవడం లేదు. పక్క మంచాలవాళ్లు అతనికి పెద్దాయన గురించి చెప్పినట్టున్నారు. సిస్టరు చేతిలో నల్ల కాగితం సీసా ఉంది. నన్ను చూడగానే అతను అడిగాడు, ఆ గురజాల తాతని చూసొచ్చారంట గదా అన్నా, ఎట్టా ఉన్నాడు అని.

సిస్టరు నా మొహం చూసింది. చూసి, తల పక్కకి తిప్పుకుని, సీసాకి చుట్టిన కాగితాన్ని అవసరం లేకపోయినా సరిచెయ్యడం మొదలుపెట్టింది.

"నీళ్లు పెట్టుకుంటున్నాడు" అన్నాను. "నేను పోయేసరికి చేలోనే ఉన్నాడు."

"అన్నం తింటన్నాడా?"

"మొన్నటిదాకా జావే. ఇప్పుడు మెతుకులు దిగుతున్నాయి. నాకు కూడా పెట్టారు."

అతను వెనక్కి వాలి, చొక్కా చెయ్యి పైకి మడిచి, ముంజేయి సిస్టరు ముందు పెట్టాడు.